వాటా లేని ఆడపడుచు

మా వదిన కిమ్‌మోయ్‌కి తన కన్నతండ్రి, అంటే మా మామగారి, ఎముకల్లో వాటా లేదు. అందుకే ఆ ఎముకల కుండకి ఆమెను కాపలా పెట్టారు. వాటా ఉన్నవాళ్ళు ఒకరినొకరు నమ్మలేక, లేనిదాన్ని నమ్మారు. ఆ నమ్మకం ఆమెను ఏం చేసిందో చెప్పడానికి ఇప్పుడు మా ఇంట్లో నేను తప్ప ఎవరూ నోరు విప్పరు.

మా షాక్‌హాంగ్ లోయలో తండ్రి ఎముకలు కొడుకులకి పొలంతో సమానం. మంచి చోట కూర్చోబెడితే, కొండల వెన్ను మీదుగా దిగివచ్చే ఊపిరి ఆ ఎముకల్లో చేరి, అక్కణ్ణించి కొడుకుల ఇళ్ళకి పారుతుంది. ఆ ఊపిరి గాలి తగిలితే చెదిరిపోతుంది, నీరు అడ్డం వస్తే నిలుస్తుంది. అందుకే ఈ విద్యకి గాలి-నీళ్ళు అని పేరు. మేం ఫుంగ్‌సుయ్ అంటాం. పట్నంవాళ్ళు ఫెంగ్‌షుయ్ అంటారు, చేపల తొట్టి ఏ మూల పెట్టాలో, పడగ్గదికి ఏ రంగు వేయాలో అడుగుతారు. ఇది మొదలైంది మాత్రం ఎముకల దగ్గరే. మా ఊళ్ళో ఇప్పటికీ అక్కడే ఉంది.

కూర్చున్న తండ్రికి ఎడమవైపు కొండ పెద్దకొడుకుది. ఎదురుగా కనిపించే మేర రెండోవాడిది. కుడివైపు కొండ మూడోవాడిది. కూతురికి ఏ వైపూ లేదు, ఎందుకంటే కూతురు ఎప్పటికైనా ఇంకో ఇంటి మనిషి. మా వదినని చేసుకోవలసినవాడు పెళ్ళికి ముందే జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఆమెను ఇంకో ఇల్లు అడగలేదు. పెళ్ళికాని కూతురు తండ్రి ఇంట్లో ప్రాణం విడవకూడదని, కొండ మొదట్లో ఒక గుడిసె వేసిచ్చారు. అక్కడే పందుల్ని మేపుకుంటూ, గడ్డి కోసి అమ్ముకుంటూ ఉండేది. నల్లగుడ్డ అంచు వేలాడే వెదురు టోపీ తీయగా నేను చూసింది తక్కువ. మనిషి సన్నగా, చేతులు మాత్రం మగవాడి చేతుల్లా ఉండేవి.

మామగారికి ముగ్గురు కొడుకులు. పెద్దాయన ఫుక్‌సాంగ్ బావగారు, బాతుల చెరువులు ఆయనవి. రెండోవాడు చిన్నతనంలోనే వాగులో మునిగిపోయాడు. మూడోవాడు థెన్‌లోయ్, నా మొగుడు. వదిన బావగారికి చెల్లెలు, మా ఆయనకి అక్క.

మామగారిని పూడ్చిన కొన్నేళ్ళకి, మా పద్ధతి ప్రకారం ఎముకలు పైకి తీయించారు. ఎముకలు తీసే మనిషి వాటిని కడిగి, ఎండలో ఆరబెట్టి, కాళ్ళ ఎముకలు కింద, తల పైన వచ్చేలా కుండలో కూర్చోబెట్టాడు. ముఖం ఉన్నవైపు కుండ మీద ఎర్రబొట్టు పెట్టాడు. ఆ ఎర్రబొట్టు ఎటు చూడాలన్న దాని మీద అన్నదమ్ములకి మాటలు ఆగిపోయాయి.

ఈ విద్యలో వాడే, నడుమ సూది ఉన్న దిక్సూచి పళ్ళెం మీద దిక్కులకి జంతువుల పేర్లుంటాయి. బావగారు పిలిపించిన గాలి-నీళ్ళ మాస్టారు బొట్టు గుర్రం వైపు చూడాలన్నాడు. అలా చూస్తే ఎడమ కొండ దగ్గరవుతుంది. మేం పిలిపించినాయన గొర్రె వైపన్నాడు. అలాగైతే కుడి కొండ. చివరికి ఊరి పెద్దలు కల్పించుకుని ముసలి హో మాస్టారిని తెచ్చారు. ఆయన రెండు ఇళ్ళ టీ కూడా ముట్టకుండా కొండెక్కి, మెట్టులా తవ్విన గట్టు మీద కుండని సగం వరకు మట్టిలో దించి, బొట్టుని గుర్రానికీ గొర్రెకీ సరిగ్గా నడుమ నిలిపాడు.

"ఇక దీన్ని వడ్లగింజంత కదిపినా ఒక ఇల్లు లేస్తుంది, ఒక ఇల్లు కూలుతుంది. తర్వాత నన్ననొద్దు" అన్నాడు.

బావగారు మా ఆయన్ని చూశాడు. మా ఆయన బావగారిని చూశాడు.

"మరి కాపలా ఎవరుంటారు?" అన్నాడు బావగారు.

"మీరుండండి అన్నయ్యా, మీకేగా నాన్న మీద ప్రేమ ఎక్కువ" అన్నాడు మా ఆయన దెప్పిపొడుస్తూ.

"వెటకారాలొద్దురా. నీ పెళ్ళాం కళ్ళు కుండ మీదే ఉన్నాయి."

"నా కళ్ళు నా ఇష్టం బావగారూ. కుండని మింగేస్తానా ఏంటి?" అన్నాను. ఆ రోజుల్లో నా నోరు అలాంటిది. ఇప్పుడూ అంతే.

అప్పుడు హో మాస్టారు, గడ్డిమోపు మీద కూర్చుని ఉన్న వదినని గడ్డంతో చూపించాడు. "ఆ పిల్లకి ఏ కొండా లేదు. ఎటు తిప్పినా ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. ఆమె చూసుకుంటుంది" అన్నాడు.

వదిన లేచి కుండ ముందు మోకరిల్లింది. తన చెయ్యి ఈ కుండని కదిపితే తన కళ్ళు పోవాలని, ఇంకొకరిని కదపనిస్తే తను ఒంటరిగా పరాయిచోట చావాలని ఒట్టు పెట్టుకుంది. అంత పెద్ద ఒట్టు ఎవరూ అడగలేదు. ఇంటికొస్తూ దారిలో అడిగాను, ఎందుకు వదినా అంత మాట అన్నావని.

"చిన్న ఒట్టయితే నమ్మరే వీళ్ళు. నమ్మకపోతే కొట్టుకుంటారు. మా అన్న కోపం నీకు తెలీదు, చేతికేది దొరికితే అది లేపుతాడు. తమ్ముడు తప్పుకునే రకం కాదు. ఒకడు పోతాడు, ఒకడు జైలుకి పోతాడు. నాకున్నదే ఇద్దరు" అంది.

అప్పటినుంచి ఆమె బతుకంతా అదొక్కటే. ఇద్దరూ కొట్టుకోకూడదు. దానికోసం కుండ కదలకూడదు.

కొన్నాళ్ళకే బావగారు ఆకుల్లో ఉడికించిన తీపి పిండి ఉండలు మూటగట్టుకుని గుడిసెకి వెళ్ళాడు. చెల్లెలి ఆరోగ్యం అడిగాడు, పందుల ఆరోగ్యం కూడా అడిగాడు. ఆ తర్వాత, వానకి కుండ కాస్త కుడికి ఒరిగినట్టుంది, వేలెడంత సర్దితే బాగుంటుందేమో అన్నాడు. వదిన ఉండలన్నీ తిని, "బెల్లం తక్కువైంది అన్నయ్యా. ఇంటికెళ్ళు" అంది. తర్వాత మా ఆయన వెళ్ళాడు. ఈయన ఉండలతో సరిపెట్టలేదు. సంతలో ఇనప మంచం కొని, ఇద్దరు మనుషుల చేత మోయించుకుని మరీ వెళ్ళాడు. పచ్చరంగు వేసిన బరువైన మంచం, నాలుగు మూలలా గుండ్రటి గుబ్బలు. నేను చెక్కబల్ల మీద పడుకుంటున్నాను, అక్కకి మాత్రం ఇనప మంచం! ఆ వారమంతా ఈయనకి అన్నంలోకి ఉప్పుచేప ముక్క తప్ప ఏమీ వండలేదు.

వదిన మంచం పుచ్చుకుంది. "తమ్ముడూ, మంచం బాగుంది. కుండ సంగతి మాత్రం ఎత్తకు" అందట.

ఆ మరుసటి ఏడు వానలు కుండపోతగా పడ్డాయి. కొండ మీద ఎర్రమట్టి కాలవలు కట్టి పారింది. దిగువ పొలాల్లో రాళ్ళు పేరుకున్నాయి. ఇద్దరు అన్నదమ్ములకీ ఒకటే భయం, కుండ ఉందా పోయిందా అని. ఎవరూ వెళ్ళి చూడ్డానికి ధైర్యం చేయలేదు. ఒకడు ఒంటరిగా వెళ్తే రెండోవాడికి అనుమానం.

తొమ్మిదో నెలలో కొండెక్కే పండుగకి అందరం కలిసి వెళ్ళాం, హో మాస్టారిని కూడా తీసుకుని. కుండ ఉన్నచోటే ఉంది. కానీ దాని వెనకాల, అంతకుముందు లేని ఒక మట్టిదిబ్బ లేచి ఉంది. నడుము ఎత్తున, ఒత్తుగా, మీద పచ్చిక కూడా పట్టి ఉంది. కుండకి వీపు ఆనించుకునే పీటలా అమరింది. మాస్టారు దాని చుట్టూ తిరిగాడు, అరచేత్తో తట్టాడు.

"మట్టి తనంతట తను పొంగింది. కొండ ఊపిరి ఇక్కడికొచ్చి ఆగింది. నా జన్మలో ఇది చూస్తాననుకోలేదు" అన్నాడు.

బావగారు నేలమీద పడి దణ్ణం పెట్టాడు. మా ఆయన ఏడ్చాడు. వదిన ఏదో చెప్పబోయి, వాళ్ళ ముఖాలు చూసి ఆగిపోయింది. నేను చూశాను. టోపీ అంచు గుడ్డని ముఖం మీదికి లాక్కుని అగరొత్తులు వెలిగించే పనిలో పడింది.

దిగి వచ్చేటప్పుడు గుడిసెలో మంచినీళ్ళు తాగుతుంటే, చెక్కబల్ల మీద చాప పరిచి ఉంది. మంచం లేదు.

"మంచమేదీ?" అన్నాను.

"నడుం నొప్పొచ్చిందే దాని మీద. ఇచ్చేశాను."

"ఎవరికిచ్చావు?"

"అవసరమున్నవాళ్ళకి" అంది. అమ్ముకుందనుకున్నాను. ఆయనతో చెప్పి, మీ అక్క ప్రేమ ఇంతేనని నాలుగు మాటలు అన్నాను కూడా.

ఆ చలికాలంలో బావగారి బాతులు చావడం మొదలైంది. పొద్దున లేచేసరికి చెరువు మీద తెల్లగా తేలుతుండేవి. బావగారు, తోటికోడలు మోకాలి లోతు నీళ్ళలో దిగి బుట్టలకెత్తి గోతిలో పోసేవాళ్ళు. గాలి మళ్ళినప్పుడు మా ఇంటిదాకా వాసన వచ్చేది. అదే నెలలో నాకు నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు నాకు. ఈసారి నిలిచింది. ఒకవైపు చావు, ఒకవైపు పుట్టుక. మా ఊళ్ళో ఇలాంటివి పక్కపక్కన పెట్టి చూడని మనిషి లేడు. నేనూ చూశాను, చెయ్యి కడుపు మీద పెట్టుకుని.

బావగారు ఎవరికీ చెప్పకుండా హో మాస్టారిని కొండ మీదికి తీసుకెళ్ళాడు. మాస్టారు పళ్ళేన్ని కుండ మూత మీద పెట్టాడు. సూది ఊగి ఊగి నిలిచింది. ఎర్రబొట్టు గొర్రె వైపుకి జరిగి ఉంది. వడ్లగింజంత కాదు, మూడు వేళ్ళంత.

అంటే కుడికి. అంటే మా వైపుకి.

బావగారు ఆ రోజు మా వాకిట్లోకి వచ్చి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గుమ్మంలో నిలబడి నా కడుపు వంక చూసి వెళ్ళిపోయాడు. సంగతి ఊరంతా పాకింది, మా ఆయన మర్నాడు మా మాస్టారిని తీసుకుని కొండ మీదికి పరుగెత్తాడు. ఆయన సూది కూడా అదే మాట చెప్పింది. ఇంటికొచ్చి మా ఆయన నా ముందు కూలబడ్డాడు.

"నిజం చెప్పు. నువ్వు గానీ పోయావా కొండ మీదికి?"

"నేనా? ఈ వాంతులతో గడప దాటలేక చస్తుంటే కొండెక్కానా? నువ్వు పోలేదూ?"

"మా నాన్న మీద ఒట్టు, పోలేదు."

ఆయన ఒట్టుని నేను నమ్మలేదు. నా మాట ఆయన నమ్మలేదు. ఒకే చెక్కబల్ల మీద అటొకరం ఇటొకరం తిరిగి పడుకున్నాం.

బావగారికి ఒక్కడే కొడుకు, వాకియోంగ్. పట్నంలో కడుతున్న మేడలకి వెదురు సారువలు కట్టే పని. కోతిలా ఎక్కేవాడు. పండక్కి వచ్చినప్పుడల్లా నాకు ఉప్పు రేగిపళ్ళ పొట్లం తెచ్చేవాడు. "పిన్నీ, నీ నోటికి తగ్గ పులుపు తెచ్చాను" అనేవాడు. కొత్త సంవత్సరానికి ముందు, అంత తేలికైన పిల్లాడు పైనుంచి జారి పడ్డాడు. శవాన్ని తెచ్చినప్పుడు ముఖం మీద గుడ్డ తీయనివ్వలేదు.

వాకియోంగ్‌ని పూడ్చి వచ్చిన మధ్యాహ్నం, నేను కూర తరుగుతున్నాను. ఊళ్ళో కుక్కలు మొరగడం ఒక్కసారిగా ఆగిపోయింది. తలెత్తితే బావగారు. తెల్లటి చావు బట్టలు, చేతిలో గడ్డికోసే కొడవలి. ఆయన వెనక ఊరి జనం, దూరదూరంగా.

"థెన్‌లోయ్! బయటికి రా."

మా ఆయన వచ్చాడు. తప్పుకునే రకం కాదని వదిన చెప్పింది నిజమే. ఖాళీ చేతులతో అన్న ఎదురుగా నిలబడ్డాడు.

"నేను తిప్పలేదు అన్నయ్యా."

"నువ్వు తిప్పలేదు. నీ పెళ్ళాం తిప్పలేదు. నా కొడుకు తనే ఎగిరి దూకాడు, అంతేగా?"

"తిప్పలేదంటుంటే!"

బావగారు కొడవలి ఎత్తాడు. నేను కేక పెట్టానో లేదో కూడా గుర్తు లేదు. జనాన్ని తోసుకుని వదిన వచ్చి వాళ్ళ మధ్య నిలబడింది. కొండ మీంచి పరుగెత్తుకుని వచ్చిందేమో, టోపీ లేదు. మొదటిసారి ఆమె జుట్టు అంత తెల్లబడిందని చూశాను.

"నేను తిప్పాను" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నేనే తిప్పాను అన్నయ్యా. తమ్ముడి పెళ్ళానికి కడుపు నిలవట్లేదని తిప్పాను. ఇద్దరికీ తెలీదు. కొడితే నన్ను కొట్టు."

కొడవలి గాల్లోనే ఉండిపోయింది. బావగారి ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది, అది కోపం కన్నా భయంకరంగా ఉంది. ఆయన కొడవలి కింద పడేసి, ఆమె ముఖం మీద ఉమ్మేశాడు. నేను మా ఆయన వైపు చూశాను, ఇప్పుడైనా అక్క పక్కన నిలబడతాడని. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నా బిడ్డ కోసం వాకియోంగ్‌ని చంపావా అక్కా? నేనడిగానా నిన్ను? నా బిడ్డ ఎవరి ముఖం చూసి బతకాలి?"

"పో. మా లోయలో కనపడకు" అన్నాడు బావగారు.

"పో అక్కా" అన్నాడు మా ఆయన.

తండ్రి చనిపోయాక ఆ అన్నదమ్ములు ఒక్కమాట మీద నిలబడటం అదే మొదలు. వదిన ముఖం తుడుచుకుంది. పందుల్ని తోటికోడలికి అప్పగించమని నాతో చెప్పి, కట్టుబట్టలతో ఓడరేవు దారి పట్టింది. ఆ సాయంత్రమే అన్నదమ్ములిద్దరూ హో మాస్టారితో కొండెక్కి, సూది చూసుకుంటూ కుండని ఎడమకి తిప్పి, మళ్ళీ గుర్రానికీ గొర్రెకీ నడుమకి తెచ్చారు. మాస్టారు మట్టి తొక్కించి, ఇక ఫరవాలేదన్నాడు.

నాకు కొడుకు పుట్టాడు. యూన్ అని పేరు పెట్టాం. బావగారు వాడిని ఎప్పుడూ ఎత్తుకోలేదు. వాడు చెరువు గట్టున ఆడుకుంటుంటే నిలబడి చూసేవాడు. ఆయన ఎంతసేపు చూస్తే నేను అంతసేపు పనిమానేసి గుమ్మంలో నిలబడేదాన్ని. నా కొడుకుని నేను ప్రేమగా పెంచానో, భయంగా పెంచానో నాకే తెలియదు. వాడికి దగ్గొస్తే వాకియోంగ్ గుర్తొచ్చేవాడు. వాడు చెట్టెక్కితే కర్ర పట్టుకుని దించేదాన్ని.

వదిన పట్నంలో ఒక హోటల్ వెనక అంట్లు తోముతోందని తెలిసి, యూన్‌కి నడక వచ్చాక ఒకసారి వాడిని తీసుకుని వెళ్ళాను, ఆయనకి చెప్పకుండా. సందులో చిన్న పీట మీద కూర్చుని, మోకాళ్ళ చుట్టూ గిన్నెల గుట్ట పెట్టుకుని ఉంది. ఒక కంటికి పొర కమ్ముతోంది.

"ఒట్టు తగిలిందా వదినా?" అన్నాను. ఇంకెలా అడగాలో నాకు తెలియలేదు.

ఆమె సబ్బు చేతులు పైకి పట్టుకుని, ముక్కుతో యూన్ బుగ్గని తాకింది. "ఒట్టెందుకు తగుల్తుందే? నేను తిప్పితేగా."

"మరి?"

"మీ ఇద్దర్లో ఎవరో తిప్పారనుకున్నాను. ఎవరని అడగను, భయపడకు. జరిగిందేదో జరిగింది."

"వదినా, ఈ బిడ్డ మీద ఒట్టేసి చెప్తున్నా. నేను తిప్పలేదు. ఆయనా తిప్పలేదు, తిప్పినవాడు ఆ రోజు నీ ముందు అలా ఏడవడు."

ఆమె తోమేసిన గిన్నెనే తీసి మళ్ళీ తోమింది. మంచి కన్ను రెప్ప వెయ్యలేదు.

"అయితే నాన్నే తిరిగాడేమో" అంది.

సందులో వేడిగా ఉంది, పొయ్యిల సెగ కొడుతోంది. నేను యూన్‌ని దగ్గరికి లాక్కున్నాను. కుండలో కూర్చున్న ముసలాయన తనంతట తను మెడ తిప్పి, ఒక మనవణ్ణి వదిలేసి ఇంకో మనవణ్ణి చూడటం నా కళ్ళకి కట్టింది. యూన్‌ని ఎత్తుకుని బయల్దేరబోతుంటే ఆమె నా కొంగు పట్టుకుంది.

"నేను తిప్పలేదని వాళ్ళకి చెప్పకు. చెప్తే మా అన్న మళ్ళీ కొడవలి తీస్తాడు. ఇప్పుడు వాళ్ళు మాట్లాడుకుంటున్నారా?"

"మాట్లాడుకుంటున్నారు."

"ఏం మాట్లాడుకుంటారు?"

"నిన్ను తిట్టుకుంటారు."

"పోనీలే" అంది, నవ్వి. నిజంగానే నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత మంచితనం మనిషికి ఉండకూడదు, పక్కవాళ్ళు ఊపిరాడక చస్తారు.

యూన్‌కి మీసాలు వచ్చాక, పోయిన చలికాలంలో ఆమె పోయింది. ఆసుపత్రి వసారాలో, చుట్టూ ఎవరూ లేకుండా. పరాయిచోట ఒంటరిగా చావాలని పెట్టుకున్న ఒట్టు అలా తీరింది. కాల్చి బూడిద చిన్న కుండలో పెట్టి ఇచ్చారు. అది ఇంటికి రాగానే అన్నదమ్ములకి నిద్ర పట్టలేదు. బావగారికి అప్పటికే కాలూ చెయ్యీ వణుకు. ఆమె కోపంతో పోయిందని, తమ ఇళ్ళ వంక చూస్తే నాశనమని ఇద్దరికీ భయం. ముసలి హో మాస్టారు ఎప్పుడో పోయాడు. ఆయన కొడుక్కి ఫోన్ చేశారు. ఈయన పట్నంలో బ్యాంకులకీ నగల దుకాణాలకీ గుమ్మాలు చూస్తాడు, ఫోన్లో ఇంటి ఫోటో పంపితే ఎక్కడ అద్దం తీసేయాలో చెప్తాడు. ఫోన్లోనే తేల్చేశాడు: "తండ్రి కుండ వెనక ఆ దిబ్బలో గూడు తవ్వి పెట్టండి. బూడిద కుండకీ బొట్టు పెట్టి, ముఖం కొండకి చెయ్యండి. ఆమెకి రెండు ఇళ్ళూ కనపడవు."

ఏ కొండా లేని మనిషికి ఎట్టకేలకి ఒక కొండ దొరికింది, ముఖానికి అడ్డంగా.

చిన్న హో వచ్చి, ముందు తండ్రి కుండ మూత మీద పళ్ళెం పెట్టాడు. బొట్టు నడుమే ఉంది. "సరిగ్గా ఉంది. తవ్వండి" అన్నాడు. యూన్ దిబ్బలో పార వేశాడు. ఖంగుమంది.

"రాయేమో" అన్నాడు బావగారు.

యూన్ ఇంకో వైపు వేశాడు. మళ్ళీ ఖంగుమంది. మట్టి తోసి చేత్తో పట్టుకుని లాగాడు. తుప్పు పట్టిన ఇనప కమ్మీ బయటికి వచ్చింది, చివర గుండ్రటి గుబ్బ. ఒకచోట పచ్చరంగు పెచ్చు ఇంకా అంటుకుని ఉంది. వాడు పాదం తన్నిపెట్టి లాగేసరికి మంచం మొత్తం ఊడివచ్చింది, వేళ్ళూ పచ్చికా వేలాడుతూ.

అది వదిన మంచం. ఆ వానల్లో కొండ జారి కుండ మీదికి వస్తుంటే, కుండని కదపనని ఒట్టేసిన మనిషి తన మంచాన్ని తెచ్చి అడ్డం నిలబెట్టింది. రాళ్ళు పేర్చి, మట్టి కొట్టి, పచ్చిక నాటింది. ఎడమన వేస్తే అన్న వైపంటారు, కుడిన వేస్తే తమ్ముడి వైపంటారు. అందుకని నడుమ వేసింది. దాన్నే మేం కొండ ఊపిరి పొంగిందని దణ్ణాలు పెట్టాం. అంత దణ్ణం పెట్టాక ఆమె నోరెలా విప్పుతుంది?

చిన్న హో మంచం వైపు చూడటం లేదు. పళ్ళెం వైపు చూస్తున్నాడు. యూన్ మంచాన్ని దూరంగా ఈడ్చుకెళ్ళేకొద్దీ సూది కదిలింది. ఊగి ఊగి ఇంకోచోట ఆగింది. ఎర్రబొట్టు ఇప్పుడు గుర్రం వైపుకి ఉంది, మూడు వేళ్ళంత.

"ఇనుము" అన్నాడు మెల్లగా. "సూదిని లాగేసింది. కుండ అప్పుడు కదల్లేదు. ఎవరూ తిప్పలేదు." కుండ మీది ఎర్రబొట్టుని వేలితో తాకి అన్నాడు, "దీన్ని తిప్పింది ఒక్కసారే. మా నాన్న సరిచేసినప్పుడు. మీరిద్దరూ పట్టుకున్నారుగా."

ఎక్కడో దిగువన బాతులు అరుస్తున్నాయి. మా ఆయన మంచం గుబ్బ మీద చెయ్యి వేసి, తీసేసి, మళ్ళీ వేశాడు. అది ఆయన కొన్న మంచం.

"ఇప్పుడు ఇనుము లేకుండా చూసి కుండని నడుమకి జరుపుదాం. ఆవిడని గౌరవంగా..." అని చిన్న హో మొదలుపెట్టాడు.

"పూడ్చండి" అన్నాడు బావగారు.

"ఏంటి బాబాయ్?" అన్నాడు చిన్న హో.

"మంచాన్ని ఎక్కడిది అక్కడ పూడ్చండి."

"పెదనాన్నా, అత్త ఏమీ చెయ్యలేదు" అన్నాడు యూన్.

బావగారు వణికే చేత్తో వాడి భుజం పట్టుకున్నాడు. పుట్టిన ఇన్నేళ్ళకి వాడిని ఆయన ముట్టుకోవడం అదే మొదటిసారి. "ఏమీ చెయ్యకపోతే నా కొడుకు దేనికి పోయినట్టురా? ఊరికే పోయాడా? కాలు జారి, ఊరికే?" అన్నాడు. "నేను ఉమ్మింది ఎవరి ముఖం మీద?"

నేను మా ఆయన్ని చూశాను. ఆ రోజు వాకిట్లో చూసినట్టే చూశాను, ఇప్పుడైనా అక్క పక్కన నిలబడతాడని. ఆయన తల వంచుకుని మంచానికి అవతలి కొస పట్టుకున్నాడు. బావగారు ఇవతలి కొస పట్టుకున్నాడు. తండ్రి పాడె మోసిన తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ఎత్తిన బరువు అదొక్కటే. మంచం మట్టిలోకి వెళ్ళింది. వదిన కుండని దాని పక్కనే గూట్లో, ముఖం కొండకి చేసి పెట్టారు. చిన్న హో మళ్ళీ పళ్ళెం పెట్టాడు. సూది వెనక్కి వచ్చి, గుర్రానికీ గొర్రెకీ నడుమ నిలిచింది.

"సరిగ్గా ఉంది" అన్నాడు, ఎవరి కళ్ళలోకీ చూడకుండా.

అన్నదమ్ములు కలిసి ఉండాలని వదిన కోరుకుంది. కలిసే ఉన్నారు. ఈ తొమ్మిదో నెలలో కూడా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కొండెక్కారు, వానకి కరిగిన చోటల్లా ఆ దిబ్బ మీద కొత్త మట్టి కప్పి వచ్చారు, ఎక్కడా ఇనుము కనపడకుండా.